సూర్యం మావయ్యగారి చిన్న బల్ల

ఈ ఉదయం ఆట మొదలుకాకముందు క్లబ్బు మనిషి స్నూకర్ బల్ల మీది పచ్చ గుడ్డను ఇస్త్రీ చేస్తుంటే వేడి ఉన్ని వాసన వచ్చింది. రామచంద్రపురంలో మా పక్కింటి సూర్యం మావయ్యగారి ముందుగదిలో ఉండేది ఈ వాసన. ఆయన రైసుమిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నాకేమో టీవీలో చూసి ఈ ఆట పిచ్చి పట్టింది. మా ఊళ్ళో ఆడపిల్లని క్లబ్బుకి ఎవరు పంపుతారు? అందుకని మిల్లులో పక్కన పడేసిన చెక్కలతో ఆయనే ఆరడుగుల బల్ల చేశారు. అసలు బల్లలో అది సగం. వానాకాలంలో గుడ్డ చెమ్మ పట్టి, బంతి ముద్దపప్పులో పడ్డట్టు ఆగిపోయేది. రోజూ ఇస్త్రీ పెట్టె వేడిచేసి పదిలంగా రుద్దేవారు. "మీ మావయ్య చొక్కాలకి మాత్రం ఈ యోగం లేదమ్మా" అని అత్తయ్యగారు దెప్పేవారు.

నాకు ముక్కు మీద కోపం. దెబ్బ తప్పితే కర్ర విసిరేసేదాన్ని. ఆయన తీసి, మళ్ళీ చేతికిచ్చేవారు.

"తొందరేంటి తల్లీ? బంతి ఎక్కడికీ పోదు. ముందు నువ్వు తిన్నగా నిలబడు."

రాజమండ్రిలో జిల్లా సెలక్షన్లకి వెళ్ళాను. పెద్ద బల్ల మీద ఆడడం అదే మొదలు. చేతికి ఆరడుగుల దెబ్బే అలవాటు. కొట్టిన ప్రతి బంతీ సగం దారిలో ఆగింది. చిత్తుగా ఓడిపోయాను. బస్సు దిగి వచ్చేసరికి మావయ్యగారు కాజాల పొట్లంతో మా వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మీ బొమ్మ బల్ల మీద నేర్చుకుంటే ఇలాగే తగలడుతుంది. మీరెప్పుడైనా పెద్ద బల్ల మీద ఆడారా అండీ?" అన్నాను.

"లేదమ్మా. క్లబ్బులో జనరేటరు బాగుచేయడానికెళ్ళినప్పుడు చూశాను. అంతే."

పొట్లం అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు కోపంతో వెళ్ళలేదు. తర్వాత సిగ్గేసి వెళ్ళలేదు. ఇవాళ కాకపోతే రేపు అనుకుంటూండగానే, నెల తిరక్కుండా ఆయన గుండె ఆగి పోయారు.

వెళ్ళి చూస్తే ముందుగదికీ పడగ్గదికీ మధ్య గోడ సగం పడగొట్టి ఉంది.

"పెద్ద బల్ల పట్టదని తనే సుత్తి పట్టుకున్నారమ్మా. అమ్మాయి కోపం తగ్గాక వస్తుంది, అప్పటికి గది సిద్ధంగా ఉండాలన్నారు" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాను. ఎవరైనా అలిగి వెళ్ళిపోతే, సాయంత్రంలోగా నేనే వాళ్ళింటికి వెళ్తాను. "అంత బతిమాలడం ఏంటండీ?" అని తల్లులు నవ్వుతారు. మా ఇంటికీ మావయ్యగారింటికీ మధ్య పిలిస్తే వినబడేంత దూరమే. తప్పయిందండీ అన్న మాట ఆ నెలంతా నా నోట్లోనే ఉంది. ఇంకా అక్కడే ఉంది.