మూడో ఛాంబర్ హూటర్

దయ్యాల కథలు చెప్పేవాళ్లని చూస్తే నాకు నవ్వొచ్చేది. పదిహేనేళ్లుగా జగ్గయ్యపేటలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నాను. ఏదైనా తేడా వస్తే ఎక్కడో మనిషే తప్పు చేసుంటాడని వాదించే మొండిఘటాన్ని. ఈ సంగతిలోనూ తప్పు మనిషిదే. ఆ మనిషి నేనే.

నందిగామ దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ ఒకటుంది. చల్లదనం కోసం అక్కడ అమోనియా వాడతారు. అది లీకైతే మనిషి నిమిషాల్లో పడిపోతాడు. గ్యాసును పసిగట్టే మిషనుతో పాటు సీ భాషలో ముందే రాసిపెట్టిన పాత ప్రోగ్రాం, మా భాషలో లైబ్రరీ, ఒకటి వచ్చింది. దాన్ని సీ షార్ప్ అనే మరో భాషలో రాసిన నా ప్రోగ్రాం నుంచి వాడుకుని, గ్యాసు ఎక్కువైతే హూటర్ మోగించాలి.

దానికో పద్ధతుంది. "నిమిషానికోసారి నా ఈ ఫంక్షన్‌ని పిలిచి గ్యాసు ఎంతుందో చెప్పు" అని లైబ్రరీకి మన ప్రోగ్రాంలోని ఆ ముక్క అడ్రసు ఇస్తాం. కానీ సీ షార్ప్‌లో ఎవరూ వాడనివాటిని మెమరీలోంచి ఊడ్చేసే ఏర్పాటు దానంతటదే నడుస్తుంటుంది. లైబ్రరీ ఆ ఫంక్షన్‌ని వాడుతోందని దానికి తెలియదు. కాబట్టి మనమే దాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకుని ఉంచాలి. లేదంటే ఊడ్చేస్తుంది. లైబ్రరీ వెళ్లి ఖాళీ ఇంటి తలుపు కొడుతుంది, ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి ఇది నేనే నూరిపోస్తాను. ఆ రోజు నేనే మర్చిపోయాను. పది నిమిషాలు నడిపి చూస్తే హూటర్ బాగానే మోగింది. అంత తక్కువసేపట్లో ఆ తప్పు బయటపడదు. భోజనం వేళకి ఇల్లు చేరొచ్చని బస్సెక్కేశాను.

మర్నాడు మధ్యాహ్నం అక్కడి ఆపరేటర్ కరీముల్లా ఫోన్ చేశాడు.

"మూడో ఛాంబర్లో పైపు లీకయిందండి. లోపల ముఠా కూలీలు బస్తాలేస్తన్నారు. మీ హూటర్ మోగబట్టి ఏడుగురూ బయటపడ్డారు."

అబద్ధమెందుకు, పొంగిపోయాను. వెళ్లి కంప్యూటర్లో ఎప్పుడేం జరిగిందో రాసుండే లాగ్ తెరిచేదాకానే ఆ సంబరం.

నా ప్రోగ్రాం ఆ ఉదయం పదకొండూ నలభైకే ఆగిపోయి ఉంది. కారణం కూడా అందులోనే ఉంది: ఊడ్చేసిన ఫంక్షన్‌ని లైబ్రరీ పిలిచింది. హూటర్ మోగింది పన్నెండూ ఇరవైకి.

సీసీ కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి చూశాను. పన్నెండూ ఇరవైకి మానిటర్ మీద నా ప్రోగ్రాం లేదు. హూటర్ మోత మాత్రం స్పష్టంగా వినబడుతోంది. ముఠావాళ్లు మూతికి తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు.

ఆ హూటర్‌కి వేరే స్విచ్ లేదు. వైరు దగ్గరుండి లాగించింది నేనే. ప్రోగ్రాం ఆపేసి, మిషను ముందు అమోనియా సీసా మూత తీసి ఎన్నిసార్లు చూసినా అది కిక్కురుమనలేదు. లైబ్రరీలో హూటర్ ఊసే లేదు.

మర్చిపోయిన ఆ ఒక్క లైనూ చేర్చి లేచేసరికి ముఠా మేస్త్రి సైదులు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏడు కొంపలు నిలబెట్టారండీ బాబూ," అన్నాడు. ఆయన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నిజం చెప్పాల్సింది. సిగ్గేసి, "పర్లేదులే," అన్నాను.

ఆ మధ్యాహ్నం హూటర్ మోగించిందెవరో నాకిప్పటికీ తెలియదు. అది మోగకపోయి ఉంటే ఆ ఏడుగురినీ చంపిందెవరో మాత్రం తెలుసు.