ప్రభ కింద కందెన

మా తమ్ముడి కొడుకు ఎడ్లపాడు అవతల కొండ దగ్గర కంకర క్రషర్ కొన్నాడు. పూజకి మేనత్త రావాల్సిందేనని పట్టుబడితే నరసరావుపేట నుంచి పొద్దున్నే పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. చీర సంగతి దేవుడెరుగు, కాసేపటికే కనురెప్పల మీద కూడా దుమ్ము పేరుకుంది. కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసి, మీట నొక్కారు. కాళ్ళ కింద నేల అదిరింది. ఆ హోరులో నా చూపు యంత్రం పక్కన బిగించిన ఒక చిన్న డబ్బా మీద పడింది. ఊరగాయ సీసా అంత ఉంది. లోపల తేనెరంగు గ్రీజు కనిపిస్తోంది. దాని అడుగు నుంచి సన్నటి గొట్టాలు పాయలుగా విడిపోయి, యంత్రంలో తిరిగే ప్రతి చోటికీ పాకి ఉన్నాయి.

"ఇదేందిరా?" అన్నాను.

"ఆటో గ్రీజింగ్ అత్తా. దానంతటదే పెట్టుకుంటది. మనిషి దగ్గరికి పోయే పన్లేదు," అని చాలా మామూలుగా చెప్పి, వచ్చినవాళ్ళకి కూల్‌డ్రింకులు ఇవ్వడానికి వెళ్ళిపోయాడు. వాడికి అది మామూలే మరి. పక్కన మూత తీసి ఉన్న గ్రీజు బకెట్లో వేలు ముంచి వాసన చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఈవిడకేమైందన్నట్టు చూశారు. అందులో ఉన్నది ఉత్త గ్రీజే. నాకు మాత్రం ఆముదం వాసన వచ్చింది.

మాఘమాసం వచ్చిందంటే మా ఊళ్ళో తుమ్మని మనిషి ఉండేవాడు కాదు. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉండేవి, గాలి ఎటు తిరిగితే అటువైపు వీధి వీధంతా తుమ్మేది. పత్తి చేలలో చివరి తీతలు అయిపోయి పిల్లల జేబుల నిండా పత్తికాయల డొప్పలుండేవి. చిలగడదుంపలు ఉడుకుతున్న తీపివాసన ప్రతి ఇంటి పొయ్యి మీంచీ వచ్చేది. పెద్దవాళ్ళు చావడి ముందు ప్రభ కడుతుంటే మేము జొన్నబెండ్లతో పిల్లప్రభలు కట్టుకుని, సోడా మూతలు చక్రాలుగా గుచ్చి వీధుల్లో లాక్కుంటూ "చేదుకో కోటయ్యా, చేదుకో" అని కొండమీది శివుణ్ణి పిలుస్తూ గొంతులు పోయేలా అరిచేవాళ్ళం. ఎవరి ప్రభ కట్టినా ఆ సోడా మూతలకి ఆముదం చుక్క వేసే పని మాత్రం నాదే. ఎందుకంటే నేను కందెన వాళ్ళ పిల్లని.

మా ఊరి ప్రభకి కందెన పెట్టే హక్కు మా ఇంటిది. కోటప్పకొండ తిరునాళ్ళకి మా ఊరి నుంచి వెళ్ళే ప్రభ తాడిచెట్టు మీద ఇంకో తాడిచెట్టు నిలబెట్టినంత ఎత్తుండేది. వెదురుబొంగుల చట్రం, దాని నిండా రంగుగుడ్డలూ అద్దాలూ గంటలూ, సాయంత్రానికి వెలిగే లైట్లకి వెనక బండిలో జనరేటరు, పడిపోకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకున్న మగవాళ్ళు, ముందు వరసగా కట్టిన ఎడ్ల జతలు. ఇంత బరువూ మోసేది కింద ఉన్న రెండు చక్రాలు, ఒక ఇరుసు. ఆ ఇరుసుకి రాసే కందెన మా నాయనమ్మే చేసేది. తలస్నానం చేసి, తడిచీరతో పెరట్లో పొయ్యి రాజేసి, వరిగడ్డి కాల్చిన మసిని పల్చటి గుడ్డలో జల్లెడపట్టి, ఇనప మూకుట్లో కాగే ఆముదంలో కొద్దికొద్దిగా పోస్తూ కలిపేది. అది కాటుకలా చిక్కబడే దాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. మేము దగ్గరికొస్తే గరిటె చూపించేది.

కందెన చేయడం ఒకెత్తు, పెట్టడం ఒకెత్తు. ఊరు దాటిన ప్రభ కొండ కిందికి చేరేదాకా ఆగకూడదని మా ఊరి పట్టింపు. బండి మీద పరిచిన దిమ్మ వెడల్పు కావడంతో చక్రాలు దాని కిందికి పోయేవి. అందుకని కదులుతున్న బండి కిందికి మనిషి దూరి, రెండు చక్రాల మధ్య వంగి నడుస్తూ, వెదురుగొట్టంలోంచి కందెన తీసి ఇరుసుకి పెట్టాలి. దారిపొడుగునా ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళు బిందెలతో పసుపునీళ్ళు తెచ్చి చక్రాలకి వార పోసేవాళ్ళు. ఆ నీళ్ళకి కందెన కొట్టుకుపోయేది, ఇరుసు కిర్రుమనేది, మనిషి మళ్ళీ దూరేవాడు. మా తాత దూరాడు. తాత తర్వాత పెదనాన్న దూరాడు. నేను రెండో తరగతిలో ఉండగా ఆ వార పోసిన బురదలోనే కాలు జారి పెదనాన్న పడిపోయాడు, చక్రం ఆయన పాదం మీంచి పోయింది. ఆ తర్వాత ఆయన కర్ర లేకుండా నడవలేదు. మరుసటి ఏడు వంతు నాన్నది.

ఆ ఏడు మాఘం వస్తుంటే అమ్మకి అన్నం సయించలేదు. అంతకుముందు ఎన్నడూ అత్తగారికి ఎదురు చెప్పని మనిషి, కందెన కోసం మసి జల్లిస్తున్న నాయనమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"ఈయన్ని పంపమాకండి అత్తమ్మా. బావగారి కాలు చూస్తానే ఉన్నారుగా. ఆ హక్కేదో అడిగేవాళ్ళకే ఇచ్చేద్దాం."

అడిగేవాళ్ళంటే అవతల పార్టీ వాళ్ళు. పంచాయతీ ఎన్నికల్లో పోయిన పరువు ప్రభ కింద సంపాదించుకుందామని వాళ్ళు ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నారు.

"మీ మావ నడుం వంగినన్నాళ్ళూ దూరాడు. ఏమైందంట? హక్కు పోయినాక ఈ ఇంట్లో మిగిలేది ఏందమ్మాయ్?" అంది నాయనమ్మ. చేతిలోని మసి జల్లించే గుడ్డ మాత్రం చాలాసేపు కదల్లేదు.

అట్లాంటప్పుడు వచ్చాడు మస్తాన్ బాబాయి. నాన్నకి చిన్నప్పటి జతగాడు. చిలకలూరిపేట రోడ్డులో ఒక జిన్నింగు మిల్లులో ఫిట్టరు. నోరు తెరిస్తే గొప్పలే, తన చెయ్యి తగిలితే చచ్చిన ఇంజను లేచి టీ అడుగుతుందనేవాడు. మిల్లులో పాత ప్రెస్సు పీకేస్తుంటే దానికున్న గ్రీజు డబ్బాని యజమానినడిగి తెచ్చుకున్నాడట. చెంబంత ఉన్న ఆ ఇనప డబ్బాని మా వాకిట్లో పెట్టి, మా బండి చక్రాన్ని రాయి మీదికి ఎత్తి, చక్రం ఆకుల్లో ఒకదానికి మేకు కొట్టి, చక్రం తిరిగినప్పుడల్లా ఆ మేకు వచ్చి డబ్బా మీటని తట్టేలా బిగించాడు. వీధిలో పిల్లలమంతా మూగాం. చక్రం తిప్పాడు. మేకు మీటని 'టక్' మని తట్టింది. డబ్బా అడుగునున్న సన్నగొట్టం చివర ఆవగింజంత గ్రీజు నిదానంగా ఉబికి బయటికొచ్చింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ వచ్చింది. చక్రం ఆపాడు, అదీ ఆగిపోయింది.

నాకు ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, ఆ వయసులో నేను దేవుణ్ణి అంత దగ్గరగా చూసింది అదే. చెయ్యి లేదు, కన్ను లేదు, ఇరుసుకి ఎప్పుడు కావాలో దానికెట్లా తెలిసిందని ఆ రోజంతా అందర్నీ అడుగుతూ తిరిగాను.

"అడగందే అమ్మయినా పెట్టదంటారే పెద్దమ్మా, ఇది అడక్కుండానే పెడుద్ది," అన్నాడు మస్తాన్ బాబాయి మీసం దువ్వుకుంటూ. "ఎన్ని నీళ్ళు పోసుకున్నా పోసుకోండి. లోపల్నించి కొత్తది నెట్టుకుంటా వస్తానే ఉంటది. మీవోడు గట్టు మీద పెళ్ళికొడుకులా నడిచొస్తాడు."

నాయనమ్మ డబ్బా చుట్టూ రెండుసార్లు తిరిగింది. మీటని వేలితో తట్టింది. గ్రీజు బయటికొస్తే ఉలిక్కిపడి వేలు వెనక్కి తీసుకుంది.

"హక్కు మా ఇంటిదే. డబ్బా మా ఇంటి పేరు మీదే ఎక్కాల. మా కందెన పడకుండా కోటయ్య బండి కదలటానికి లేదు."

"మసి ఉంటది పెద్దమ్మా అందులో. సన్నగొట్టం, అడ్డం పడుద్ది."

"శాస్త్రానికి చిటికెడు వేస్తాలేరా."

"చిటికెడే మరి!" అన్నాడు బాబాయి.

నాయనమ్మ చిటికెడు ఎంతుంటుందో మా ఇంట్లో పప్పు తిన్నవాళ్ళకి తెలుసు. శివరాత్రి పొద్దున బాబాయి డబ్బాని ప్రభ బండికి బిగించి, రెండు చక్రాలకీ గొట్టాలు లాగి, గ్రీజు నింపి, ఊరివాళ్ళందరికీ తన తెలివి వివరించే పనిలో పడ్డాడు. ఆ సందులో ఆవిడ మూత తీసి, ఉన్న గ్రీజుని వేళ్ళతో అణిచి, పైన రెండు గుప్పిళ్ళ కందెన కూరి, మూత బిగించి, పసుపు రాసి బొట్టు పెట్టింది. భక్తి ఎక్కువైన చోట కొలత ఎవరు చూస్తారు?

మధ్యాహ్నం ప్రభ కదిలింది. ఏటా కదిలేటప్పుడు ఇరుసు పెట్టే కేక ఊరి చివరి ఇంటికి వినపడేది. ఆ ఏడు చప్పుడే లేదు. ఎడ్ల మెడల్లో మువ్వలు, పైన గంటలు, జనం గుండెల్లోంచి వచ్చే "హరహర", అంతే. అంత పెద్ద వస్తువు చప్పుడు లేకుండా నడిచివస్తుంటే ఆడవాళ్ళు బిందెలు దించి నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. మంచం మీదున్న పెదనాన్న ప్రభ ఇంకా బయల్దేరలేదేమోననుకుని లోపలే కూర్చున్నాడట. నేను నాన్న వేలు పట్టుకుని చక్రం పక్కనే నడిచాను. బురద ఎగజిమ్ముతున్నా, పసుపునీళ్ళు కారుతున్నా, టక్కుమన్నప్పుడల్లా లోపల్నించి కొత్త గ్రీజు ఉబికి మురికిని బయటికి నెట్టేస్తోంది. మస్తాన్ బాబాయి మోకు పట్టుకున్నవాళ్ళకి మిల్లు కథలు చెబుతూ ముందు నడుస్తున్నాడు. నాన్న నవ్వుతున్నాడు. ఆ వారంలో ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

సగం దారి దాటాక డబ్బా అడుగున ఉన్న గ్రీజు అయిపోయి, నాయనమ్మ కందెన గొట్టాల దాకా దిగింది. ఉబకడం ఆగిపోయింది. మీట టక్కుటక్కుమంటూనే ఉంది గానీ ఏమీ రావడం లేదు. దారిలో ఊరు వచ్చింది, బిందెలు వచ్చాయి, నీళ్ళు పడ్డాయి. ఇరుసు ముందు మూలిగింది, తర్వాత కిర్రుమంది, తర్వాత అరిచింది. "ఇరుసు కాలుద్ది, కందెన పెట్టండ్రా!" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. అవతల పార్టీ పెద్దమనిషి పంచె పైకి కట్టి ముందుకొచ్చాడు. నాన్న ఆయన్ని చూశాడు. నా చేతిలోంచి వేలు విడిపించుకుని, బండికి వేలాడదీసిన పాత వెదురుగొట్టం తీసుకుని, వంగి చక్రాల మధ్యకి దూరాడు. అమ్మ ఆడవాళ్ళ గుంపులో ఖాళీ బిందె పట్టుకుని నిలబడిపోయింది.

కేక వేసింది నాయనమ్మ. పొద్దుటి నుంచి ఉపవాసంతో, చెప్పుల్లేకుండా ముందు నడుస్తున్న ముసలమ్మ వెనక్కి తిరిగి, మొదటి జత ఎడ్లకి ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఆపండ్రా!"

"పెద్దమ్మా, మధ్యలో ఆపితే అరిష్టం! కోటయ్యకి కోపమొస్తది!"

"వస్తే నా మీదికి రమ్మనండి! ఒక కొడుకు కాలిచ్చా. రెండోవోడ్ని ఇయ్యను. ఇయ్యనంటే ఇయ్యను. పగ్గాలు పట్టండ్రా!"

పగ్గాలు బిగిశాయి. ఎడ్లు ముట్టెలు పైకెత్తి ఆమెకి జానెడు దూరంలో ఆగాయి. ప్రభ ఒక్క క్షణం ముందుకి ఒరిగింది, మోకులు గుంజి పట్టుకున్నవాళ్ళ మడమలు నేలలో దిగబడ్డాయి, పైన అద్దాలూ గంటలూ ఒక్కసారి గలగలలాడి ఊరుకున్నాయి. మా ఊరి ప్రభ నడిదారిలో ఆగడం అప్పటిదాకా ఎవరూ ఎరగరు. నాన్న చక్రాల మధ్య నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు, రెండు కాళ్ళతో. నేను ఏడ్చాను. ఎందుకో నాకప్పుడు సరిగ్గా తెలియదు, ఇప్పుడు తెలుసు.

మస్తాన్ బాబాయి పరిగెత్తుకొచ్చి మూత తీసి, లోపలికి చూసి, నాయనమ్మ వైపు చూశాడు.

"పెద్దమ్మా, ఇది చిటికెడా?"

"నా చెయ్యి పెద్దది. నువ్వు పని చూడరా," అంది నాయనమ్మ. ఆ మాటకి ఎవరో నవ్వారు, దాంతో అందరూ నవ్వారు, భయం కొంత దిగింది. జనరేటరు దగ్గర్నించి కాస్త డీజిల్ తెచ్చి డబ్బా కడిగి, గొట్టాల్లోకి నోటితో ఊదితే నల్లటి మసి ముద్ద పురుగులా బయటికొచ్చి పడింది. సంచిలోంచి గ్రీజు తీసి నింపి, మీటని చేత్తోనే కాసేపు ఆడించాడు. ఆగిన ప్రభ మళ్ళీ కదలదని పెద్దవాళ్ళు గొణుగుతూనే ఉన్నారు. "చేదుకో కోటయ్యా" అని అందరూ కలిసి మోకు లాగారు, ఆడవాళ్ళు కూడా బిందెలు పక్కన పెట్టి పట్టారు. మొదటి లాగుకే కదిలింది. పొద్దు వాలుతుంటే లైట్లు వెలిగాయి. తల ఎంత వెనక్కి వంచినా కొస అందని ఆ వెలుగుల ప్రభ మళ్ళీ చప్పుడు లేకుండా కొండ వైపు సాగిపోతుంటే, ఆ వింత చూడ్డానికి నాకున్న రెండు కళ్ళూ చాల్లేదు.

నాయనమ్మ మళ్ళీ కందెన చేయలేదు. అది ఎట్లా చేయాలో, మసి ఎంతో ఆముదం ఎంతో, ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, ఇనప కమ్మీ చక్రాలు పోయి టైర్లు వచ్చాయి, బేరింగులకి సీలు వేసి ఉంటోంది, దాని లోపల గ్రీజు ఉందన్న సంగతి కూడా ఎవరికీ పట్టదు. మా హక్కల్లా ప్రభ కదిలేముందు మా ఇంటికిచ్చే ఒక కొబ్బరిచిప్పగా మిగిలింది. పెదనాన్న కర్రతోనే వెళ్ళిపోయాడు. నాన్న ముసలితనం దాకా తన కాళ్ళ మీద పొలానికి నడిచి, నిద్రలో పోయాడు.

క్రషర్ పూజ అయిన కొన్నాళ్ళకే శివరాత్రి వచ్చింది. అమ్మని తీసుకెళ్ళి రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. మా ఊరి ప్రభ వచ్చింది. జనం తలలన్నీ పైకి లేచాయి, సెల్‌ఫోన్లు లేచాయి. నేను ఎందుకో అమ్మ వైపు తిరిగాను. తల వంచుకుని చక్రాల మధ్యకే చూస్తోంది, రెప్ప వేయకుండా.

"పైకి చూడవే అమ్మా, ఎంత బాగుందో!"

"పోనీ, ముందు దాన్ని పోనీ," అంది. ట్రాలీ మొత్తం దాటిపోయాక ఊపిరి వదిలింది. "పైన ఏముంటదో నాకేం తెలుసే? కాపరానికి వచ్చిన కాడ్నించి నేను చూసింది కిందే."

"ఇప్పుడు కింద ఎవరూ ఉండరమ్మా."

"ఉండరా?" అంది.

వెనక ఇంకో ఊరి ప్రభ వస్తోంది. గడ్డం కింద చెయ్యి పెట్టి అమ్మ ముఖాన్ని మెల్లగా పైకెత్తాను. ఆమె చూపు దిమ్మ దాటి, రంగుగుడ్డలు దాటి, లైట్ల వరసలు ఒక్కొక్కటే దాటుకుంటూ కొస దాకా పోయింది.

"అమ్మో! ఇంతెత్తుంటదా ఇది!" అంది అమ్మ.