పొద్దునపూట నీలం పొగ

మా ఆయన పోయాక ఆయన పాత అంబాసిడర్ చంపాపేట్ గల్లీలో మా గేటు ముందే ఉండిపోయింది. నాకు నడపడం రాదు. బ్యాటరీ చచ్చిపోకుండా స్టార్ట్ చేయడం మాత్రం, మంచం పట్టినప్పుడు ఆయనే నేర్పాడు. రోజూ పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ లేచి పక్కింటివాళ్ల బట్టల మీదికి పోయేది.

"మళ్ళీ ఉతుక్కోవాల్సొస్తోందండీ. ఆ బండి తుక్కుకిచ్చేయండి" అంది పక్కింటావిడ.

ఇవ్వడానికి నాకు మనసు లేదు. ఇంజినే పోయుంటే ఇంక తప్పదనుకుని, ఎల్బీనగర్ నుంచి మా ఆయన ఎరిగిన మెకానిక్కును పిలిపించాను.

"పొగ ఎప్పుడొస్తదమ్మా?"

"స్టార్ట్ చేయంగనే గుప్పుమంటది. జర సేపటికి ఆగుతది. మళ్ల తెల్లారేదాక రాదు."

"రోజూ చూస్తవా?"

"చూడక ఏం జేస్త?"

"అట్లయితే ఇంజిన్ మంచిగనే ఉంది. వాల్వుల మీది రబ్బరు సీళ్లు ఎండిపోయినయ్. బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ లోపలికి కారుతది, స్టార్ట్ చేయంగనే అది కాలి పొగైతది, అంతే."

సీళ్లు మార్చి వెళ్లాడు. మర్నాడు పొగ రాలేదు. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ "ఇంక ఉండనివ్వండి" అంది. అమ్మే పని తప్పింది గానీ రోజూ స్టార్ట్ చేసే పని నా మీదే ఉంది. ఇంజిన్ ఆపి, లేచే ఓపిక లేక ఆయన సీట్లోనే కూచున్నాను.