గుర్వమ్మ కప్పిన గొంగడి

మోత్కూర్ దగ్గర గొర్రెలు కాసే గుర్వమ్మకు పాములంటే భయం లేదు, మొగుడు భిక్షం అంటే అసలే లేదు. ఊరి నోరంటే మాత్రం హడల్. పక్కింటావిడ తుమ్మితే కూడా, తన గురించే ఏదో అనబోయి ఆగిందని అనుమానపడే మనిషి.

ఆ సాయంత్రం ఆమె మంద ఊళ్లో రైతు దామోదర్ మెట్టచెలకలో దిగాలి. గొర్రెలు రాత్రంతా పడుకుంటే ఎరువు రైతుకు, అందుకు బదులుగా వడ్లు గొర్రెలవాళ్లకు. ఆ వడ్లతోనే గుర్వమ్మ పొయ్యి వెలిగేది.

సరిగ్గా ఆ పొద్దున్నే భువనగిరి నుంచి మెర్సీ వచ్చింది. జంతువుల్లో తిరిగే కరోనా రకాలేవైనా మనుషులకు అంటుకునేలా ఉన్నాయేమో ముందుగానే కనిపెట్టే సర్వేలో ఆమె ఉద్యోగం. గొర్రె ముక్కులో దూదిపుల్ల తిప్పి సీసాలో వేసుకోవాలి. జీపు దిగి, నెత్తి నుంచి కాళ్లదాకా తెల్లటి సూటు తొడుక్కుంది. చూసిన గొర్రెలు దొడ్డి అవతలి మూలకు ఒకటే ఉరుకు.

"ఓ బిడ్డా, గా తెల్లంగి ఇప్పు! మందకు రోగమొచ్చిందనుకుంటరు. దామోదర్ పటేలు చెలకల కాలు పెట్టనియ్యడు."

"ఇప్పొద్దమ్మా, రూలు. నీ గొర్రెలు మంచిగనే ఉన్నయి. మంచిగున్నప్పుడే చూడాలె."

భిక్షం చాయ్ కోసం పోయాడు. అతని గొంగడి దొడ్డి కర్రకు వేలాడుతోంది. గుర్వమ్మ దాన్ని తీసి మెర్సీ నెత్తి మీంచి కప్పేసింది. ఎండలో మెర్సీ ఉడికిపోయింది గానీ, తెలిసిన వాసన తగలగానే గొర్రెలు బుద్ధిగా వచ్చి ముక్కులు అప్పగించాయి.

పని సగంలో ఉండగా దామోదర్ బండి ఆగింది.

"ఏం భిక్షం, మందను ఎప్పుడు తోలుకొస్తవు?" అన్నాడు వెనక నుంచి గొంగడిని చూసి.

"సందెకాడ పటేలా," అంది గుర్వమ్మ.

"నిన్నడగలే. ఏందిరా, ఉలుకవు పలుకవు?"

మెర్సీ మర్యాదకు చెయ్యెత్తింది. చేతికి నీలం రబ్బరు తొడుగు! అంతలో దారి మలుపులోంచి అసలు భిక్షం కేకేశాడు: "నా గొంగడేదే?"

గుర్వమ్మ మొహం మాడిపోయింది. మెర్సీ గొంగడి తీసి నిలబడింది.

"రోగం లేదు సార్. వస్తే ముందుగాల తెలువాలని చూస్తున్నం. మీ బర్రెలను గూడ చూడమంటరా?"

"నా బర్రెలనా? ఊరు చూస్తే నా దగ్గర పాలెవ్వరు పోయించుకుంటరు?"

"గదే కద పటేలా, నా ఫికర్!" అంది గుర్వమ్మ.

దామోదర్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"సరే, సందెకు మందను తోలుకరాండ్రి," అని బండి ఎక్కబోయి, మళ్లీ వెనక్కి వచ్చి గొంతు తగ్గించాడు.

"గా గొంగడి కూడ జర పట్టుకరాండ్రి. పొద్దుగాల బిడ్డ నా బర్రెల కొట్టంలకు వస్తది."