జోగయ్య వేలి గాటు

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన సుధ స్టాంపు ప్యాడు మూత తీసింది. ఊదా సిరా వాసన గుప్పున కొట్టింది. అంతే, నేను ఖమ్మంలో, కరుణమ్మ మేడం ఆఫీసులో, కదిలితే కిర్రుమనే ఇనుప కుర్చీలో ఉన్నాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. మేడం ట్యాక్స్ కన్సల్టెంటు. పన్ను ఆఫీసు నుంచి నోటీసు వచ్చిన వ్యాపారులు ముఖాలు వేలాడేసుకుని ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. ఆమె ముందు వాళ్లకు మంచినీళ్లు ఇప్పించేది, తర్వాత నాలుగు చివాట్లు పెట్టేది, ఆ తర్వాతే కాగితం చూసేది. నేను ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో వచ్చి, రోజూ పది నిమిషాలు ఆలస్యమై, నా వంతు చివాట్లు నేను తినేదాన్ని.

కొత్తగా పనివాళ్లను పెట్టుకున్న కంపెనీకి అప్పట్లో పన్నులో ఒక మినహాయింపు ఉండేది. కొత్త కార్మికుడు ఏడాదిలో మూడు వందల రోజులు పనిచేస్తే, అతని జీతంలో కొంత భాగం మీద కంపెనీకి పన్ను తగ్గేది. కొత్తగూడెం దారిలో ఉన్న ఒక గ్రానైట్ కంపెనీకి ఆ లెక్క వేసింది నేనే. హాజరు పట్టీలో గళ్లు లెక్కపెట్టాను, మూడు వందలు దాటాయి, రాసేశాను. మేడం సంతకం పెట్టింది. ఏడాది తిరగకుండానే నోటీసు వచ్చింది: హాజరు పట్టీలు, వేలిముద్రలున్న జీతాల రిజిస్టర్లు తెచ్చి చూపించమని.

మేడం ఆ రిజిస్టర్లను భూతద్దం పెట్టి చూసింది. జోగయ్య అనే కార్మికుడి దగ్గర ఆగిపోయింది. "ఇటు రా శోభా. ఈ వేలికి అడ్డంగ గాటు ఉన్నది, చూసినవా? ఏప్రిల్‌ల, మే నెలల గాటు ఏది? రెండు నెలలు మాయమై మళ్ల జూన్‌ల ఎట్ల వచ్చింది?" అంది. నేను మిగతా పేజీలు తిప్పాను. అలాంటివాళ్లు పదకొండు మంది తేలారు.

మర్నాడు కంపెనీకి వెళ్లి జోగయ్యను పిలిపిస్తే, మీసాలు సరిగా రాని ఒకతను వచ్చాడు. బొటనవేలు నున్నగా ఉంది. మేడం ఆ వేలిని, తర్వాత అతని ముఖాన్ని చూసింది. "నేను తమ్మున్ని, ముత్తయ్యను. అన్న నాట్లకు ఊరికి పోయిండు" అన్నాడు తల దించుకుని.

ఆదివారం మేడం చర్చి మానదు. ఆ ఆదివారం మాని, నన్ను వెంటబెట్టుకుని జోగయ్య ఊరికి బయల్దేరింది. భద్రాచలం దాకా ఒక బస్సు, పర్ణశాల వైపు ఇంకో బస్సు, ఆపైన అడవి అంచున నడక. జోగయ్య మడిలోంచి బురద కాళ్లతోనే వచ్చి మంచం వాల్చాడు. తప్పు చేసిన వాడి బెరుకు అతనిలో లేదు.

"తునికాకు కాలంల బీడీల ఆకు కొయ్యకుంటే మాకు ఎట్ల ఎల్లుతదమ్మా? నేనొస్తే తమ్ముడు పోతడు, తమ్ముడొస్తే నేను పోత. పని మా ఇంటిది గదా. ఒక్కనాడన్న మిషను ఆగిందా?" అన్నాడు. మిగతా పదిమందీ ఆ గూడెం వాళ్లే, అందరిదీ అదే పద్ధతి. అంతలో ఏదో అనుమానం వచ్చినట్టుంది, గొంతు తగ్గించాడు. "పేరు కొట్టేస్తరా ఏంది? కొట్టేస్తే ఇద్దరి పని పోతది."

"కొట్టెయ్యనియ్య" అంది మేడం. తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

ఉన్నదున్నట్టు ఆఫీసరుకు రాసిద్దామని మేడం అనేసరికి కంపెనీ ఓనరు ఎగిరిపడ్డాడు. "రిజిస్టరు కొత్తది రాయిస్తే ఐపాయె గద మేడం! అడగకముందే చెప్పుడేంది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు? ఆ పదకొండు మందిని రేపే తీసేస్త, పీడ పోతది."

"తీసేస్తే ఆఫీసరు ముందటికి మీరే పోవాలె, నేను రాను" అంది మేడం. "ఆ పదకొండు మంది మీద అడిగిన మినహాయింపు వదులుకుందాం. మిగిలినోళ్లది నేను కాపాడుత. కానీ ఇయ్యాల్టి నుంచి అన్నదమ్ములిద్దరి పేర్లు రిజిస్టర్ల ఉండాలె, ఎవరి వేలు వాళ్లు వెయ్యాలె."

ఓనరు చాలాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. జవాబు ఉత్తరం మేడం చెబుతుంటే నేను రాశాను. "కార్మికులను స్వయంగా చూడకుండా లెక్క వేయడం మా ఆఫీసు తప్పు" అన్న వాక్యం దగ్గర నా పెన్ను ఆగింది.

"తప్పు నాది మేడం. నా పేరు రాయండి."

"నువ్వు గళ్లు లెక్కపెట్టినవ్. మనుషులను చూడమని నేను నిన్ను పంపలే. సంతకం ఎవలది?" అంది. "నాదే గదా. రాయి."

ఆఫీసరు రిజిస్టర్లన్నీ తిరగేసి, మిగిలినవాళ్ల మినహాయింపును ఒప్పుకున్నాడు. పదకొండు మంది పనిలోనే ఉన్నారు. ముత్తయ్య పేరు మొదటిసారి రిజిస్టర్లోకి ఎక్కిన రోజు మేము అక్కడే ఉన్నాం. అతనికి చదువు రాదు. "ఇదేనా అమ్మా నా పేరు?" అని అడిగి, సిరా అంటిన వేలు తగలకుండా మరో వేలితో దాన్ని తడిమాడు. ఓనరు మాట తప్పలేదు కానీ, ఆ నెలాఖరుకే తన ఫైళ్లన్నీ వేరే కన్సల్టెంటు దగ్గరికి పట్టుకుపోయాడు. మా ఆఫీసుకు ఎక్కువ ఫీజు వచ్చేది ఆ కంపెనీ నుంచే. ఆ లోటు మేడం నా జీతం మీద పడనివ్వలేదు, ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆలస్యంగా వచ్చినందుకు చివాట్లు మాత్రం ఆపలేదు.

మేడం పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు సంతకాలు పెట్టేది నేనే, ఆమె భూతద్దం నా దగ్గరే ఉంది. దానికంటే ఆ ఉత్తరంలోని వాక్యమే నాకు ఎక్కువ పనికొచ్చింది.

మొన్న సుధ ఒక ఇటుకల కంపెనీ లెక్క పూర్తి చేసి, స్టాంపు వేసి, సంతకం కోసం నా ముందు పెట్టింది. "ఈ మనుషులను చూసినవా?" అని అడిగాను. పట్టీలో అన్నీ సరిగానే ఉన్నాయంది. మళ్లీ తనే, మనుషులను చూడలేదంది. ముఖం చిన్నబోయింది. నాకు ఆ బస్సు కిటికీ గుర్తొచ్చింది.

"చెప్పులేసుకో" అన్నాను. "ఇద్దరం పోయొద్దాం. నిన్ను పంపాల్సింది నేనే గదా."