అక్క కోసం చిన్న కెమెరా

చిన్న కెమెరా ఎందుకు కొన్నావని అడిగిన ప్రతివాడికీ భుజం నొప్పి అని చెప్తున్నాను. అది అబద్ధం కాదు. సూర్యాపేటలో ఇరవై రెండేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెద్ద కెమెరా, దానికి పెద్ద లెన్సు, నెత్తిన ఫ్లాషు, మెడలో ఇంకో కెమెరా. ఇంత మోత మోసి మోసి, తలంబ్రాల వేళకు కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు. ఎత్తకపోతే ఇల్లెలా గడుస్తుందని నేను ఆయన మీదే మండిపడి బయటికొచ్చాను.

అయితే భుజం నొప్పి ఎప్పటినుంచో ఉన్నదే. దానికోసమే అయితే ఈ కెమెరా ఎప్పుడో కొనేవాణ్ని. అసలు కారణం మా అక్క.

అక్క వాళ్లది నడిగూడెం. బావ చనిపోయి ఆరేళ్లయింది. ఒక్కతే కూతురు, కోదాడలో ఒక ప్రైవేటు బళ్లో టీచరు. ఆ పిల్లకు మిర్యాలగూడ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు రైస్ మిల్లులో మిషన్లు చూసుకుంటాడు, నెమ్మదస్తుడు. ఎంగేజ్‌మెంట్ అక్క వాళ్లింట్లోనే పెట్టుకున్నారు. మేనమామనూ నేనే, ఫొటోగ్రాఫర్‌నూ నేనే. ఎప్పటిలాగే పెద్ద కెమెరా వేసుకుని వెళ్లాను.

అక్కడ ఒక సంగతి నా కంట పడింది. నా కెమెరా ఎటు తిరిగితే అటునుంచి అక్క తప్పుకుంటోంది. పసుపు కుంకుమల పళ్లెం గుమ్మం దాకా తెచ్చి, పక్కావిడ చేతిలో పెట్టి వెనక్కి మళ్లుతోంది. భర్త పోయిన ఆడవాళ్లు శుభకార్యంలో ముందుకు రాకూడదని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఎవరికి వాళ్లే పక్కకు జరిగిపోతారు. పెళ్లిళ్లలో ఇది నేను వందసార్లు చూసిందే. ఫ్రేములోంచి ఒక మనిషి పోతే, పక్కనున్నాయన్ని ఇటు జరగమని ఖాళీ పూడ్చడమే నాకు తెలిసిన పని. సొంత అక్క అలా జరిగిపోతుంటే మాత్రం ఎవరినీ ఇటు జరగమనలేకపోయాను.

ఇంటికొచ్చి చూసుకుంటే అన్ని వందల ఫొటోల్లో అక్క మూడింటిలో ఉంది. ఒకదాంట్లో మోచెయ్యి, ఒకదాంట్లో కొంగు, ఇంకోదాంట్లో లోపలికి పోతున్న వీపు. మర్నాడు అవన్నీ మేనకోడలికి పంపించాను. సాయంత్రం ఫోన్ చేసింది.

"మామా, పెండ్లి ఆల్బమ్‌ల మా అమ్మ ఉండాలె. నాయిన ఎట్లాగూ లేడు. అమ్మ గూడ లేకుంటే ఇగ అది నా పెండ్లి ఆల్బమ్ ఎట్లయితది? నువ్వేం జేస్తవో నాకు తెల్వది."

"నేను జూసుకుంట బిడ్డా" అన్నాను. అనడమైతే అన్నాను గాని ఆ క్షణం నుంచి నాకు కాలు నిలిస్తే ఒట్టు. పెళ్లికి రెండు నెలలే ఉంది. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం ఎత్తమని చెప్పి, ఎత్తాక క్లిక్ కొట్టడం మరిచిపోయి నిలబడేవాణ్ని. ఇంట్లో అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచి వరండాలో తిరిగేవాణ్ని.

"కాలుగాలిన పిల్లి లెక్క ఏంది గట్ల తిరుగుతున్నవ్? కూసోని తిను" అని మా ఆవిడ కసురుకునేది.

నేను కట్టుకున్న లెక్క ఇది: అక్కకు భయం కెమెరా అంటే. అంత లావు లెన్సు మొహం మీదికి వస్తే ఎవరైనా బెదురుతారు. కాబట్టి ఆమెకు కనిపించని కెమెరా ఒకటి కావాలి. ఈ లెక్కలో తప్పుందేమోనని ఒక్క పూట కూడా అనుమానం రాలేదు. నాకు తోచింది నాకు ఎప్పుడూ వేదమే.

ముందు ఫోన్‌తోనే కానిద్దామనుకున్నాను. మా వీధిలో ఒక బారసాలలో ప్రయత్నించాను. ఫంక్షన్ హాలు లైట్లలో దూరం నుంచి జూమ్ చేస్తే ముఖాలన్నీ పిండి పూసినట్టు వచ్చాయి. తర్వాత లెన్సు మారని చిన్న కెమెరా ఒకటి చూశాను. జేబులో పడుతుంది, బొమ్మ కూడా బాగుంది. కానీ దానిది ఒకటే చూపు. అక్క ఎక్కడ నిలబడుతుందో నాకేం తెలుసు? పక్కనే ఉంటే వెడల్పుగా చూసే లెన్సు కావాలి. వంటశాల గుమ్మం దగ్గర నక్కితే దూరాన్ని లాక్కొచ్చేది కావాలి. అంటే కెమెరా చిన్నదై ఉండాలి, లెన్సు మార్చుకునేదై ఉండాలి.

హైదరాబాద్ వెళ్లాను. షాపతను చిన్న బాడీ చూపించాడు, అరచేతిలో ఇమిడింది. సంబరపడేలోపు దానికి మోచేతి పొడుగు లెన్సు తగిలించాడు. ఎలుక మీద వినాయకుణ్ని కూర్చోబెట్టినట్టుంది. బాడీ ఎంత చిన్నదైతే ఏం లాభం, మోతంతా లెన్సులో ఉంటే? కొనకుండా వెనక్కొచ్చాను. వారం తిరక్కుండా మళ్లీ వెళ్లి మళ్లీ ఉత్త చేతుల్తో వచ్చాను.

నిజానికి నాకు తెలియని సంగతేం కాదు. లోపల వెలుతురు పట్టే సెన్సర్ చిన్నదైతేనే లెన్సులు కూడా చిన్నవవుతాయి. కానీ చిన్న సెన్సర్ అంటే నాకు చులకన. వెలుతురు తక్కువైతే బొమ్మలో చుక్కలు చుక్కలుగా ఇసుక రాలుతుందని, అది పెళ్లిళ్ల కెమెరా కాదని, ఇన్నేళ్లుగా నలుగురి ముందూ వాగినవాణ్ని. ఇప్పుడు దాన్నే కొనాలంటే నామోషీ. మధ్యాహ్నం స్టూడియోలో గిరాకీ లేనప్పుడు కంప్యూటర్లో చిన్న సెన్సర్ కెమెరాతో తీసిన ఫొటోలు పెట్టుకుని, పెద్దవి చేసి చేసి చూసేవాణ్ని. ఇసుక రాలుతుంది, కొంచెం. రాలితే రాలనీ, మనిషైతే ఉంటుంది కదా అనుకున్నాను. మూడోసారి వెళ్లి కొనేశాను. తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటకముందే తప్పు చేశానేమోనని గుబులు మొదలైంది. సూర్యాపేటలో దిగి, అవతలి వైపు ఆగిన హైదరాబాద్ బస్సు వంక కాసేపు చూశాను.

అరచేతిలో ఇమిడే బాడీ, రెండు వేళ్ల మందం కూడా లేని ఒక బిళ్ల లెన్సు, టీ గ్లాసంత ఇంకో లెన్సు. మూడూ కలిపి మా ఆవిడ టిఫిన్ సంచిలో పట్టాయి. వెనక తెర పైకి తిరుగుతుంది కాబట్టి కెమెరా కంటి దాకా ఎత్తక్కర్లేదు. బొడ్డు దగ్గర పట్టుకుని, ఏదో చదువుకుంటున్నట్టు తల వంచి తీయొచ్చు. చప్పుడు అసలే లేదు. మర్నాడు పొద్దున బస్టాండుకు పోయి పరీక్షించాను. తిరుమలగిరి బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ ఒళ్లో పల్లీలు ఒలుచుకుంటూ, తనలో తనే ఎవరితోనో పోట్లాడుతోంది. రెండడుగుల దూరం నుంచి తొమ్మిది ఫొటోలు తీశాను. ఆమెకు తెలియనే లేదు. నేనింత ఎగిరి గంతేసి చాలా ఏళ్లయింది.

గిరాకీలు మాత్రం ఊరుకోలేదు. మా వైపు కెమెరా ఎంత లావుంటే పెళ్లి అంత ఘనంగా జరిగినట్టు. "అన్నా, గింత సిన్నదాంతోని పెండ్లి తీస్తవా? మా బామ్మర్ది ఫోనే దీనికంటె పెద్దగుంటది" అని ఒకాయన నా ముందే నవ్వాడు. వాళ్లకు పెద్దదే చూపించి పంపించేవాణ్ని. మేనకోడలి పెళ్లి తీయడానికి కోదాడలో స్టూడియో నడిపే నా మిత్రుణ్ని మాట్లాడుకున్నాను. మేనమామ పనులు నెత్తిన ఉండగా పెళ్లంతా నేను తీయలేను కదా. అతను నా కొత్త కెమెరా చేతిలో తిప్పి చూసి, "ఏంటి బావా, కొండను తవ్వి ఎలకను పట్టుకొచ్చావా?" అన్నాడు. చెప్పాను కదా భుజం నొప్పి అని, అన్నాను.

పెళ్లి కోదాడలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావాల్సింది మేనమామే. డాక్టరు వద్దన్న బరువుల్లో మేనకోడలి పేరు చెప్పలేదులే అనుకుని ఎత్తాను. అవతల ఇద్దరు చుట్టాలు పట్టారు. కెమెరా నా లాల్చీ జేబులోనే ఉంది. గంప దించి, చెమట తుడుచుకోకుండానే అక్క కోసం వెతికాను.

భోజనాల గదికి పోయే గుమ్మం దగ్గర, స్తంభం చాటున ఉంది. గోధుమరంగు పట్టుచీర కట్టుకుంది. మండపంలో కన్యాదానానికి బావ తమ్ముడూ ఆయన భార్యా కూర్చున్నారు. నేను బిళ్ల లెన్సుతో పక్కనుంచి వెళ్తూ వెళ్తూ అక్కను తీశాను. గోడ వైపు తిరిగి లెన్సు మార్చి, దూరం నుంచి తీశాను. జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు, తాళి కట్టినప్పుడు, తలంబ్రాలప్పుడు తీశాను. ఒక్కసారి కూడా అక్క తప్పుకోలేదు. తీస్తున్నానని తెలిస్తే కదా తప్పుకోవడానికి! నా ఎత్తు పారిందని లోపల్లోపల ఒకటే పొంగిపోయాను. అలాగని కుదురుగానూ లేను. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని హాలంతా తిరుగుతూనే ఉన్నాను.

గ్రూపు ఫొటోల సమయానికి మా కోదాడ మిత్రుడి గొంతు లేవడం లేదు. ఎవరెవరు స్టేజీ ఎక్కాలో పిలవడం ఫొటోగ్రాఫర్ పనే. అలవాటు కొద్దీ మైకు నేను అందుకున్నాను. పెళ్లికూతురి పక్కనే నిలబడి, మేనత్తలు రండి, బాబాయి వాళ్లు రండి, బడి టీచర్లు రండి అని కేకలు పెట్టాను. కుడి చేతిలో మైకు, ఎడమ చేతిలో బొడ్డు దగ్గర కెమెరా. అప్పుడే అసలు ఫొటో దొరికింది. స్తంభం చాటు నుంచి అక్క ఒకడుగు ముందుకొచ్చింది. ఒక చెయ్యి గుమ్మం మీద ఉంది. కొంగు భుజం నిండా కప్పుకుంది. కళ్లు రెప్ప వేయకుండా స్టేజీ వైపే ఉన్నాయి. తెరలో ఆ ముఖం చూసి వెంటనే నొక్కాను. కన్నతల్లి చూపంటే ఇదీ అనుకున్నాను.

పది రోజుల తర్వాత అక్క సూర్యాపేట వచ్చింది. స్టూడియోలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చాయ్ తెప్పించి, ఒక్కొక్క ఫొటో తెర మీద పెట్టాను. అరవై దాకా ఉన్నాయి. సంతోషపడుతుందని ఆమె మొహం వంకే చూస్తున్నాను. చాయ్ ఊదుకుంటూ చూస్తోంది. గుమ్మం దగ్గరి ఫొటో వచ్చింది. దాని మీద నేను రెండు రోజులు కూర్చుని వెలుతురు సరిచేశాను.

"ఇది ఎప్పుడు తీసినవ్?" అంది.

"గ్రూపు ఫొటోలప్పుడు. బిడ్డను ఎట్ల సూస్తున్నవో సూడు. నీకు తెల్వకుండ తీసిన గాబట్టే గింత మంచిగొచ్చింది."

"బిడ్డను గాదు తమ్మీ, నిన్ను సూస్తున్న."

నాకు అర్థం కాలేదు. అక్క చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"ఒక్కొక్కల్లను పిలుస్తుంటివి గద మైకుల. పంతులమ్మలను గూడ పిలిస్తివి. నన్ను గూడ పిలుస్తవేమో అని గాడ నిలవడ్డ. లోపలికి వొయ్యి తల దువ్వుకొనొచ్చిన, కొంగు సర్దుకున్న. నా అంతట నేను ఎట్లొస్త స్టేజి మీదికి? తమ్ముడు పిలిచిండు అంటే ఎవ్వరేమంటరు?"

"నువ్వు కెమెరాకు భయపడ్తవనుకున్న అక్కా."

"కెమెరా నన్నేం జేస్తదిరా?"

కోపంగా అంటే బాగుండేది. మామూలుగా అడిగింది. నేను తెర వంక చూశాను. నా కెమెరా పట్టిన చూపు అది, నా మొహం మీదే ఉన్న చూపు. నేను తల వంచుకుని తెరలో చూసుకుంటున్నాను కాబట్టి నాకు కనబడలేదు. ఆ రోజు హాల్లో వందమందిని పిలిచాను. నా చేతిలో మైకు ఉంది. ఇవన్నీ తీసేస్తాను అన్నాను.

"తీసెయ్యకు. పెట్టు" అంది. "అమ్మ ఉండాలన్నదట గద పిల్ల."

పెట్టాను. ఆల్బమ్‌లో ఒక పేజీ నిండా అదొక్కటే. మిర్యాలగూడకు నేనే తీసుకెళ్లి ఇచ్చొచ్చాను. ఇల్లు చేరకముందే మేనకోడలు ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"మామా, అమ్మ నన్నే సూస్తున్నది గద?"

"అవును బిడ్డా" అన్నాను. "నిన్నే."