ఫోన్లో దొరికిన దోవ

చింతామణి బస్టాండు దగ్గర మాకు చిన్న జెరాక్స్ అంగడి ఉంది. ఆన్‌లైన్ అర్జీలు కూడా నేనే వేస్తాను. ఒకరోజు పొద్దున అంగడి తెరవగానే, చాలా రోజులుగా విసిగిస్తున్న ఒక సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ నుంచి తీసేశాను. ఫోటోల సైజు తగ్గిస్తుందని ఉచితంగా దించుకున్నది. అది చేరినప్పటినుంచి ఏ పేజీ తెరిచినా ప్రకటనలే.

అది పోయింది. దానితోపాటు ఇంటర్నెట్టూ పోయింది.

అప్పటికే పక్క పల్లె నుంచి ఒకామె వచ్చి కూర్చుంది. కూతురి హాస్టల్ అర్జీకి అదే ఆఖరు రోజు. వైఫై డబ్బాను మూడుసార్లు ఆపి మళ్ళీ ఆన్ చేశాను. లాభం లేదు. వేరే అంగడికి పొమ్మన్నాను.

"నిన్న కాగితాలన్నీ నువ్వే ఎక్కించినావు కదమ్మా. ఈడనే కూసుంటా, నిదానంగా చూడు" అంది.

ఆ నిదానం నాకు రాలేదు. చివరికి, బాగేపల్లిలో నాకు కంప్యూటర్ నేర్పిన సార్‌కు ఫోన్ చేశాను. మాట్లాడి మూడేళ్ళు దాటింది. గొంతు విని వెంటనే గుర్తుపట్టారు. నెట్ రావడం లేదన్నాను.

"ఫోన్లో నెట్ వస్తాందామ్మా?"

"వస్తాంది సార్. అదే వైఫై. కంప్యూటర్లోనే రాలేదు."

"ఏమన్నా తీసేసినావా?"

చెప్పాను. ఆయన నవ్వారు.

"అది నీ నెట్‌నంతా తన గుండా పోయేట్టు తిప్పుకొనింటాది. దాన్ని తీసేసినావు, కంప్యూటర్ మాత్రం ఇంకా దాని తట్టుకే పోతాండాది. ఆడ ఎవరూ లేరు. సెట్టింగ్స్ తెరువు. నెట్‌వర్క్‌లో కింద ప్రాక్సీ అని ఉంటాది. ఏముందో ఒక్కో వరుసా చదువు."

చదివాను. ప్రాక్సీ సర్వర్ వాడమని ఉన్నచోట మీట ఆన్‌లో ఉంది.

"ఆపు దాన్ని. బ్రౌజర్ మూసి మళ్ళా తెరువు."

తెరిచాను. అర్జీ పేజీ వచ్చింది. ఇంత చిన్నదానికా పొద్దుటినుంచి చెమటలు పట్టించుకున్నానని సిగ్గేసింది. ఆమె లేచొచ్చి నా వెనుక నిలబడి, కూతురి పేరులో ప్రతి అక్షరం సరిచూసుకుంది. అర్జీ చేరిందన్న కాగితం ముద్రించి ఇస్తే, మడిచి కొంగున కట్టుకుంది.

"మీ సార్‌కు నా దండం చెప్పమ్మా" అని బస్సుకు వెళ్ళింది.

ఆ దండం చెబుదామని మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఆయన భార్య తీశారు.

"సార్ పండుకోనుండారమ్మా. చూపు పోయి ఏడాదయ్యింది కదా, క్లాసులు లేవు. పొద్దున నువ్వు ఫోన్ చేసినప్పటినుంచి ఒకటే సంబరం. కంప్యూటర్లో దోవ నేనింకా మరిచిపోలేదే అంటాండారు."

పొద్దున ఆయన నాచేత ప్రతి వరుసా చదివిస్తే, పాఠం చెప్పే అలవాటు అనుకున్నాను.

ఆదివారం బాగేపల్లి బస్సెక్కాను. నా అడుగుల చప్పుడు విని సార్ తల తిప్పారు.

"మళ్ళా ఏం చెడిపోయిందమ్మా?"

"ఏం లేదు సార్. ఊరికే వచ్చినా."

"అట్లయితే కూసో" అని, పక్కనున్న కుర్చీని తడిమి నావైపు జరిపారు.